నెల సరుకులు: కిరాణా కొట్టు, సూపర్‌మార్కెట్, పది నిమిషాల యాప్ – కిలో లెక్కన ఏది చవకో తేల్చేదెలా?

ప్రశ్న – పోపులడబ్బా

నలుగురున్న ఇంటికి నెల సరుకుల చిట్టా ఇది: బియ్యం ఒక బస్తా, కందిపప్పు 3 కిలోలు, మినప్పప్పు 2 కిలోలు, సన్‌ఫ్లవర్ నూనె 5 లీటర్లు, పంచదార 3 కిలోలు, చింతపండు అరకిలో, ఎండుమిర్చి పావుకిలో. ఇవి కాక టీపొడి, సబ్బులు, షాంపూ, బిస్కట్లు.

వీధి చివర కిరాణా కొట్టుంది. రెండు కిలోమీటర్ల దూరంలో సూపర్‌మార్కెట్ ఉంది. ఫోన్లో యాప్ ఎలాగూ ఉంది. మూడుచోట్ల రేట్లూ పక్కపక్కన రాసుకుంటే లెక్క తెగడం లేదు, ఎందుకంటే ఏ రెండు ప్యాకెట్ల తూకమూ ఒకటి కాదు. నూనె ఒకచోట లీటరు, ఇంకోచోట 850 మి.లీ. బియ్యం ఒకచోట 25 కిలోలు, ఇంకోచోట 26. లూజు పప్పు ప్యాకెట్ పప్పు కంటే తక్కువ రేటు, కానీ నూక ఎంత పోతుందో తెలియదు.

అన్నిటినీ ఒకే కొలతకు తెచ్చే పద్ధతి కావాలి. కిరాణా కొట్లో ఏ సరుకు మీద బేరం ఆడొచ్చు, దేని మీద ఆడి లాభం లేదు? లూజుగా తూచి ఇచ్చేటప్పుడు కాటాలో ఏం చూడాలి? తేడా వస్తే ఎవరికి చెప్పాలి?

జవాబు – గ్రాములెక్క

పోపులడబ్బా గారూ, నోట్‌బుక్‌లో నాలుగే గళ్లు గీయండి: సరుకు, చేతినుంచి పోయిన డబ్బు, నికర తూకం, కిలో రేటు. ఎమ్మార్పీకి గడి వద్దు. ఎమ్మార్పీ అంటే అంతకు మించి అమ్మకూడదని కంపెనీ గీసిన గీత, అంతే. దాని మీద ‘20 శాతం తగ్గింపు’ అంటే ఆ గీత ఎంత పైన గీశారో తెలుస్తుంది తప్ప సరుకు చవకో కాదో తెలియదు.

నూనెతో మొదలుపెట్టండి, ఎక్కువగా పొరబడేది అక్కడే. సన్‌ఫ్లవర్ నూనె లీటరు సుమారు 910 గ్రాములు తూగుతుంది. ప్యాకెట్ మీద రెండు అంకెలూ ఉంటాయి, రెండూ చదవండి. ఉదాహరణకు లీటరు ప్యాకెట్ 150 రూపాయలు, పక్కనే సరిగ్గా అలాంటిదే 850 మి.లీ. ప్యాకెట్ 135 అనుకుందాం. పదిహేను తక్కువ కదా అని చెయ్యి దానివైపు పోతుంది. 135ని 0.85తో భాగించండి: లీటరు 158.80 పడుతుంది, అంటే దాదాపు తొమ్మిది రూపాయలు ఎక్కువ. డబ్బాల్లో తేడా ఇంకా పెద్దది. 15 కిలోల డబ్బా ఉంటుంది, 15 లీటర్ల డబ్బా ఉంటుంది, చూపులకు రెండూ ఒకటే. 15 లీటర్లంటే 13.65 కిలోలే. 1.35 కిలోల తేడా అంటే లీటరు 150 చొప్పున 220 రూపాయల పైమాట. ‘డబ్బా ఎంత’ అని అడక్కండి, ‘కిలోలా లీటర్లా’ అని ముందు అడగండి.

ఈ వింత తూకాలు ఊరికే పుట్టలేదు. నూనె, టీ, బిస్కట్లు, సబ్బుల వంటివి ఇంతింత తూకాల్లో కట్టాలని ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల్లో, అంటే ప్యాకెట్ సరుకుల మీద కేంద్రం పెట్టిన నిబంధనల్లో, ఒక పట్టిక ఉండేది. 2021 నవంబరు సవరణతో దాన్ని తీసేశారు. బదులుగా యూనిట్ ధర, అంటే గ్రాముకో మిల్లీలీటరుకో ఎంత పడుతుందో, ప్యాకెట్ మీద అచ్చు వేయాలన్నారు. కిలో లోపు ప్యాకెట్‌కు గ్రాము రేటు, కిలో దాటితే కిలో రేటు.

మంచి నిబంధనే. కానీ దాన్ని వాడేటప్పుడు మూడుచోట్ల జాగ్రత్త పడాలి. ఆ రేటును రెండు దశాంశాలకు సవరించి వేస్తారు. అరకిలో పప్పు 78 రూపాయలైతే గ్రాముకు 0.156, 82 అయితే 0.164. రెండు ప్యాకెట్ల మీదా 0.16 అనే పడుతుంది, కిలోకు మాత్రం ఎనిమిది రూపాయల తేడా ఉంది. రెండోది, ఆ రేటు ఎమ్మార్పీ మీద కట్టింది. తగ్గింపు ధరకు కొంటున్నప్పుడు అది పనికిరాదు, మళ్లీ భాగించుకోవాల్సిందే. ఇక 10 గ్రాములు, 10 మి.లీ. అంతకంటే చిన్న ప్యాకెట్లకు ఈ నిబంధనల నుంచి మినహాయింపు ఉంది. అందుకే షాంపూ పొట్లాల లెక్క మీరే వేసుకోవాలి. 2 రూపాయల పొట్లంలో 6 మి.లీ. ఉంటే మి.లీ. 33 పైసలు. ఆ లెక్కన 340 మి.లీ. సీసా 113 దాటితే పొట్లాలే చవక. చాలా షాంపూల్లో ఇలాగే తేలుతుంది. ‘పెద్ద సీసా కలిసొస్తుంది’ అన్నది అన్నిటికీ వర్తించదు.

బియ్యం సంగతి. 2022 జులై 18 నుంచి 25 కిలోల దాకా కట్టి లేబుల్ వేసిన బియ్యం, పప్పు, పిండి మీద 5 శాతం జీఎస్టీ వచ్చింది. 25 కిలోలు దాటిన బస్తాకు లేదు. మన దగ్గర 26 కిలోల బస్తా అందుకే పుట్టింది. 25 కిలోలది 1,420, 26 కిలోలది 1,450 ఉంటే మొదటిది కిలో 56.80, రెండోది 55.77. బస్తా రేటు చూసి 30 తక్కువ అనుకుంటే తప్పు. కొట్లో బస్తా విప్పి లూజుగా తూచి ఇచ్చే పప్పుకు కూడా ఆ 5 శాతం లేదు. లూజు రేటు తక్కువ ఉండటానికి అదొక కారణం, నాసిరకం కాబట్టే తక్కువన్నది ప్రతిసారీ నిజం కాదు.

లూజు పప్పును ప్యాకెట్‌తో పోల్చాలంటే ఒక్కసారి తూచి చూడండి. 250 గ్రాములు చేటలో పోసి నూక, పొట్టు, మట్టిబెడ్డలు ఏరి పక్కన పెట్టండి. ఏరినది 10 గ్రాములుంటే 4 శాతం పోయినట్టు. కిలో 120 అన్న పప్పు నిజానికి 125 పడుతుంది (120ని 0.96తో భాగించాలి). ప్యాకెట్ పప్పు 140 ఉంటే అప్పటికీ లూజే మేలు.

చింతపండుకు ఈ లెక్క మరీ ముఖ్యం. 100 గ్రాములు తీసుకుని గింజ, ఈనె తీసి తూచండి. 70 గ్రాములే మిగిలితే, కిలో 140 అని కొన్నది 200 పడినట్టు. గింజ తీసిన చింతపండు 190కి వస్తుంటే అదే చవక, ఏరే పని కూడా తప్పుతుంది.

జవాబు – టోకుచిట్టా

బేరం గురించి చెప్తాను. ఇది కొట్టు వైపు లెక్క. తెలిస్తే ఎక్కడ అడగాలో మీకే అర్థమవుతుంది.

పెద్ద కంపెనీల సబ్బు, బిస్కట్, టూత్‌పేస్ట్ మీద కిరాణా కొట్టుకు మిగిలేది సుమారు 8 నుంచి 12 శాతం. పది రూపాయల బిస్కట్ మీద రూపాయి. కరెంటు, అద్దె, ఎలుక కొట్టినవి, తేదీ దాటిపోయినవి అందులోంచే పోవాలి. అక్కడ బేరం ఆడినా ఏమీ రాదు. సూపర్‌మార్కెట్ గొలుసు కంపెనీతో నేరుగా మాట్లాడుకుంటుంది. కొనుగోలు పెద్దది కాబట్టి రేటు తగ్గుతుంది, కళ్లకు ఎదురుగా ఉండే అరలో సరుకు పెట్టినందుకు కంపెనీ వేరే డబ్బు ఇస్తుంది, పైగా దానికి సొంత బ్రాండ్లుంటాయి. కిరాణాకు ఈ మూడూ లేవు.

ఈ తేడా మీద పంపిణీదారులే రోడ్డెక్కారు. సంప్రదాయ పంపిణీదారుడు కొట్టుకు 8–12 శాతం మార్జిన్ ఇవ్వగలుగుతుంటే, పెద్ద సంస్థల టోకు యాప్‌లు అదే సరుకు మీద 15–20 ఇస్తున్నాయని, కంపెనీలు ఆ యాప్‌లకు తక్కువ రేటుకు ఇవ్వడమే దీనికి కారణమని వారి అఖిల భారత సమాఖ్య ఆరోపించింది. 2022 జనవరి 1 నుంచి ఆ కంపెనీలకు సహాయ నిరాకరణ అని ప్రకటించింది. కొట్టువాడికి యాప్‌లో కొంటే నాలుగు రూపాయలు మిగులుతాయి. కానీ పంపిణీదారుడు వారం అరువు ఇస్తాడు, పాడైన సరుకు వెనక్కి తీసుకుంటాడు, అరపెట్టె అడిగినా తెచ్చి వేస్తాడు. యాప్ ఎక్కువగా చేతిలో డబ్బు అడుగుతుంది. ఆ పంపిణీదారుడు మూతబడ్డాక యాప్ రేటు పెంచితే చిన్న కొట్టుకు ఇంకో దారి ఉండదు. అసలు భయం అది.

బేరం ఎక్కడ ఆడాలి? బియ్యం బస్తా, నూనె డబ్బా, 5 కిలోలు దాటిన పప్పు, పంచదార, మిర్చి, చింతపండు. వీటి మీద ఎమ్మార్పీ బిగింపు లేదు లేదా వదులుగా ఉంటుంది. హైదరాబాద్ బేగంబజార్‌లోనో విజయవాడ గొల్లపూడి టోకు మార్కెట్‌లోనో ఆ వారం పలికిన రేటు తెలుసుకుని వెళ్లండి. దాని మీద కిలోకు ఎనిమిది, పది రూపాయలు వేసుకుంటే న్యాయమైన ధరే. పాతిక వేస్తే అడగండి.

ఏడాది గ్రాసం కొనే వీలుంటే కాలం చూసుకోండి. కొత్త కంది సంక్రాంతి దాటాక, కొత్త మిర్చి, చింతపండు, పసుపు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య దిగుతాయి. మిర్చి కొనేటప్పుడు గుప్పెడు పట్టి నలపండి. పెళుసుగా విరిగితే ఆరినట్టు, మెత్తగా వంగితే నీటి బరువుకు డబ్బు కడుతున్నట్టు. పైగా డబ్బాలో బూజు పడుతుంది.

ఖాతా సంగతి కూడా లెక్క వేయండి. నెలకు 5,000 సరుకు ఖాతాలో రాయించి నెలాఖరున కడితే, నూటికి రెండు రూపాయల వడ్డీ లెక్కన కొట్టువాడికి నూరు రూపాయల భారం. అది రేట్లలో ఎక్కడో కలిసే ఉంటుంది. ఖాతా వాడని మనిషి ‘చేతిలో డబ్బు ఇస్తున్నాను, నూరు తగ్గించండి’ అని అడగడంలో తప్పేం లేదు. నెల మధ్యలో చేతిలో డబ్బాడని ఇంటికి మాత్రం ఆ ఖాతా విలువ నూరు రూపాయల కంటే చాలా ఎక్కువ. ఏ యాప్ అలా పేరు చూసి రాసుకోదు.

స్కీముల దగ్గర ఒక తేడా గుర్తుంచుకోండి. ‘డజను కొంటే ఒకటి ఉచితం’ అని పెట్టె మీద వచ్చేది కొట్టువాడిది. ప్యాకెట్ మీదే ‘సబ్బు ఉచితం’ అని అచ్చు వేసి ఉంటే అది మీది, విడదీసి అమ్మకూడదు. అడిగి తీసుకోండి.

ఇంకొకటి. 2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బు, షాంపూ, టూత్‌పేస్ట్, బిస్కట్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. 118 రూపాయల వస్తువు 105కి రావాలి, అంటే 11 శాతం తగ్గుదల. అయిదు, పది రూపాయల ప్యాకెట్లకు చిల్లర కుదరదు కాబట్టి చాలా కంపెనీలు ధర అలాగే ఉంచి గ్రాములు పెంచాయి. ఆ గ్రాములు మళ్లీ ఎప్పుడు తగ్గుతాయో ఎవరూ దండోరా వేయరు. ఇంట్లో వాడే అయిదారు రకాల రేపర్లు, నెట్ క్వాంటిటీ, తయారీ నెల కనిపించేలా కత్తిరించి ఒక కవర్లో వేసి ఉంచండి. ఆరు నెలలకోసారి కొత్తదానితో పోలిస్తే ఎవరు ఎంత కోశారో తెలిసిపోతుంది.

జవాబు – ముల్లుతక్కెడ

కాటా మీద చిన్న పలక ఉంటుంది, ముందు దాన్ని చదవండి. కిరాణా కొట్లలో ఎక్కువగా కనిపించేది 30 కిలోల కాటా. పలక మీద గరిష్ఠం 30 కి.గ్రా., కనిష్ఠం 100 గ్రా., ‘e = 5 గ్రా.’ అని ఉంటుంది. అంటే ఆ కాటా 5 గ్రాముల మెట్లలోనే చూపిస్తుంది, 100 గ్రాముల లోపు తూకానికి దాన్ని నమ్మకూడదు. 25 గ్రాముల యాలకులు, 50 గ్రాముల మిరియాలు దాని మీద తూయించుకోవద్దు. అలాంటివి ప్యాకెట్లో కొనండి, లేదా చిన్న కాటా ఉన్న చోట తీసుకోండి.

ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించాలి. ఆ ధ్రువపత్రం కొట్లో కనబడేలా పెట్టాలి. తేదీ చూడండి.

సరుకు పోయకముందు ఖాళీ పళ్లెం మీద 0.000 ఉండాలి. గిన్నె పెట్టి తూస్తే, గిన్నె పెట్టాక మళ్లీ సున్నాకు తేవాలి. అంకె నిలబడేదాకా ఆగాలి. పై నుంచి ధారగా పోస్తున్నప్పుడు ఆ తాకిడికి అంకె ఎగురుతుంది, అదే క్షణంలో కవర్ లాగేస్తే 20, 30 గ్రాములు పోయినట్టే. నెత్తి మీద ఫ్యాన్ గిర్రున తిరుగుతున్నా అంకె నిలకడగా ఉండదు.

అనుమానం వస్తే గొడవ అక్కర్లేదు. అదే కొట్లో కిలో ఉప్పు ప్యాకెట్ తీసి కాటా మీద పెట్టండి. కవరుతో కలిపి 0.985 నుంచి 1.020 మధ్య చూపితే సరే. 1.050 చూపిస్తే ఆ కాటా ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తోందన్నమాట, మీకు కిలోకు 950 గ్రాములే వస్తోంది. ఒక్క ప్యాకెట్‌తో తేల్చకండి, రెండు మూడు పెట్టి చూడండి.

మిఠాయి దుకాణాల్లో పెట్టెతో కలిపి తూచే అలవాటు ఎక్కువ. అట్టపెట్టె 100 గ్రాములుంటే, కిలో 600 చొప్పున 60 రూపాయలు అట్టకు కట్టినట్టు. నికర తూకమే ఇవ్వాలన్నది నియమం. ‘పెట్టె పెట్టి సున్నా చేయండి’ అంటే చాలు.

సీలు వేసిన ప్యాకెట్ తూకం తగ్గితే ఎంతవరకు తప్పు కాదో కూడా పట్టిక ఉంది. 100–200 గ్రాముల ప్యాకెట్‌కు 4.5 శాతం, 300–500 గ్రాములకు 3 శాతం, అరకిలో నుంచి కిలో దాకా 15 గ్రాములు. కాకపోతే ఒక ప్యాకెట్ తగ్గొచ్చు గానీ మొత్తం లాట్ సగటు చెప్పిన తూకానికి తగ్గకూడదు. అయిదు ప్యాకెట్లు తూస్తే అయిదూ తగ్గాయంటే ఫిర్యాదుకు గట్టి ఆధారం.

ఫిర్యాదుకు మొదట 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడొచ్చు. తూకం, ఎమ్మార్పీ తేడాలైతే జిల్లా తూనికలు కొలతల అధికారికి కూడా రాయండి. ప్యాకెట్ విప్పకుండా ఉంచండి. ఎమ్మార్పీ, బ్యాచ్ నంబరు, తయారీ నెల కనిపించేలా ఫొటో, బిల్లు రెండూ ఉండాలి. ఫిర్యాదులు ఎక్కువగా నీరుగారేది బిల్లు లేకే. లూజు సరుకుకైతే చిట్టీ మీద తూకం, రేటు, తేదీ రాయించుకోండి.

దాంతో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, రెండేళ్లలోపు వేయాలి. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి ద్వారా వేయొచ్చు.

కూల్‌డ్రింక్ మీద ‘కూలింగ్ ఛార్జీ’ అని రెండు రూపాయలు అడగడం కూడా ఎమ్మార్పీ దాటడమే. కొట్టు చిన్నదైనా పెద్దదైనా అది చెల్లదు.

పోపులడబ్బా

గ్రాములెక్క గారికి, టోకుచిట్టా గారికి, ముల్లుతక్కెడ గారికి ధన్యవాదాలు. ఇక యాప్ మిగిలింది. రేట్లు కొట్టు రేట్లలాగే కనిపిస్తున్నాయి, బిల్లు మాత్రం ఎక్కువవుతోంది. లెక్కలో దాన్ని ఎలా చేర్చాలి?

జవాబు – గ్రాములెక్క

వస్తువు రేటు కాకుండా చివర కట్టిన మొత్తం తీసుకోండి. 240 రూపాయల సరుకుకు డెలివరీ 25, హ్యాండ్లింగ్ 10 పడితే 35 అదనం. అంటే ప్రతి వస్తువు ధర 14.6 శాతం పెంచి రాసుకోవాలి. లీటరు 150 నూనె 172 అవుతుంది. వారానికి రెండుసార్లు తెప్పిస్తే నెలకు 280 రూపాయలు. డెలివరీ ఉచితం కావాలని అక్కర్లేని 80 రూపాయల చిప్స్ కలిపితే ఆ 80 కూడా ఖర్చే, ఆదా కాదు.

డబ్బు కట్టే ముందు బుట్ట ఒకసారి కిందిదాకా జరపండి. టిప్పు, విరాళం ముందే టిక్ పెట్టి ఉంటే తీసేయండి. అడగకుండా బుట్టలో కలపడం, అసలు ధర చివరిదాకా దాచి ఛార్జీలు ఒక్కొక్కటే బయటపెట్టడం, ‘ఇంకా రెండే ఉన్నాయి’ అని లేని తొందర పుట్టించడం – 2023 నవంబరు 30 నాటి కేంద్ర మార్గదర్శకాలు నిషేధించిన 13 డార్క్ ప్యాటర్న్స్‌లో (కొనేవారిని మాయచేసే స్క్రీన్ ఎత్తుల్లో) ఇవన్నీ ఉన్నాయి. స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకుని 1915కి ఫిర్యాదు చేయొచ్చు. నికర తూకం, ఎమ్మార్పీ యాప్ పేజీలో చూపించాలన్నది కూడా నియమమే. బొమ్మ మీద కిలో, కింద చిన్న అక్షరాల్లో 800 గ్రాములు ఉండటం మామూలు, ఆ చిన్న అక్షరాలే చదవండి.

సరుకు రాగానే తేదీ చూడండి. ఆన్‌లైన్‌లో అమ్మే ఆహార పదార్థాలకు, ఇంటికి చేరేనాటికి నిల్వ కాలంలో కనీసం 30 శాతం లేదా 45 రోజులు మిగిలి ఉండాలని ఆహార భద్రతా సంస్థ 2024 నవంబరులో చెప్పింది. పిండి ప్యాకెట్ రెండు వారాల గడువుతో వస్తే అక్కడే వాపసు పెట్టండి.

మీ చిట్టాకైతే ఇలా విడగొడతాను. బియ్యం, పప్పులు, మిర్చి, చింతపండు వీధి చివర కొట్లో, నెలకోసారి, చేతిలో డబ్బిచ్చి. నూనె కిలో లెక్కన ఎక్కడ తక్కువైతే అక్కడ. సబ్బులు, టీపొడి సూపర్‌మార్కెట్లో, చేసంచి తీసుకెళ్లి. సంచికి డబ్బు తీసుకుంటామని సరుకు ఏరుకోకముందే చెప్పకుండా బిల్లింగ్ దగ్గర వేయడం అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020 డిసెంబరులోనే అంది. బిల్లులో ఆ పద్దు ఉందేమో చూసుకోండి. యాప్ జ్వరం మాత్రకో, అర్ధరాత్రి పాలకో.